జవాబు ఉందని ఎవరూ చెప్పని రాయి

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రం. బ్లాక్ హిల్స్ కొండల్లో, కస్టర్ స్టేట్ పార్కు మీదుగా నీడిల్స్ హైవే అనే మెలికల దారి ఒకటి పోతుంది. ఒకచోట ఆ దారి రాతిని తొలిచిన సొరంగంలో దూరుతుంది. వెడల్పు 8 అడుగులకు కాస్త అటూ ఇటూ. పెద్ద బండి వస్తే డ్రైవరు అద్దాలు మడుచుకుని నెమ్మదిగా దాటించాలి. సొరంగం దగ్గరే కార్లు ఆపుకునే జాగా. ఆ జాగా అంచున 30 అడుగుల గ్రానైటు దిమ్మె ఒకటి లేచి ఉంటుంది. చుట్టూ ఆకాశంలోకి పొడుచుకుపోయినవన్నీ రాతిసూదులు కాబట్టి ఈ పొట్టిదానికి థింబుల్ అని పేరు పడింది. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా దర్జీలు వేలికి పెట్టుకునే తొడుగు అన్నమాట.

1961 వసంతంలో ఆ దిమ్మె ముందు 24 ఏళ్ళ యువకుడు నిలబడ్డాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. అమెరికా వైమానిక దళంలో వాతావరణ విభాగం అధికారి. పేరు జాన్ గిల్. అతను చూస్తున్న ముఖం నిటారుగా కూడా లేదు. పైకి పోయేకొద్దీ మనిషి మీదికి కాస్త వాలి ఉంది. పట్టుకోవడానికి రాతిలోంచి పొడుచుకొచ్చిన చిన్న చిన్న స్ఫటికాల బుడిపెలే దిక్కు. రెండు వేళ్ళ మధ్య గిల్లి పట్టుకోవాల్సినంత చిన్నవి. కింద ఉన్నది మెత్తటి నేల కాదు, కార్ల జాగాకు కట్టిన రక్షణ కంచె. పైనుంచి తాడు లేదు.

ఆ ముఖం మీదుగా అంతవరకూ ఎవరూ ఎక్కలేదు. ఏ బుడిపె ఏ చేతికి, ఏ కాలు ఎప్పుడు అని చెప్పగలిగినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. అసలు ఎక్కొచ్చని చెప్పగలిగినవాళ్ళు కూడా లేరు.

ఈ రెండో మాట దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. బౌల్డరింగ్ అంటే తాడు లేకుండా పొట్టి రాళ్ళ మీద, కష్టమైన కొద్దిపాటి కదలికలతో ఎక్కడం. ఒక్కో రాతి ముఖాన్ని ప్రాబ్లెమ్ అంటారు. ఎలా ఎక్కాలో ఒకరు మరొకరికి చెప్పే వివరాలను బీటా అంటారు. ఇప్పుడు ఎక్కేవాళ్ళకు బీటా కొదవ లేదు. పక్కవాడు కింద నుంచి అరిచి చెబుతాడు, ఫోను వీడియో చూపిస్తుంది. ఒలింపిక్స్‌లో మాత్రం దీన్ని గట్టిగా అడ్డుకుంటారు. 2021లో టోక్యోలో ఈ ఆట మొదటిసారి ఒలింపిక్స్‌కు వచ్చినప్పుడు, ఒకరి ప్రయత్నం మరొకరు చూడకుండా పోటీదారులను విడిగా ఉంచారు. అంత కట్టుదిట్టం చేసినా, వాళ్ళందరికీ ఒక సంగతి మాత్రం ముందే తెలుసు. గోడకు పట్లు బిగించినవాళ్ళు దాన్ని పరీక్షించే బిగించారు. అంటే జవాబు ఉంది, వెతుక్కోవాల్సింది దారి ఒక్కటే. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద బీటా అదే. రాయికి అలాంటి హామీ ఏదీ ఉండదు. అది ఎవరి కోసమూ తయారైంది కాదు.

థింబుల్ ఎలా తయారైందో చూస్తే గిల్ ముందున్న చిక్కు ఏమిటో తెలుస్తుంది. ఈ కొండల గ్రానైటు వయసు సుమారు 170 కోట్ల ఏళ్ళు. లోపల కరిగిన రాతిలో నీటి పాలు ఎక్కువ ఉండటంతో స్ఫటికాలు పెద్దవిగా పెరిగాయి. పైనున్న పొరలు కొట్టుకుపోయి గ్రానైటు బయటపడ్డాక వానా మంచూ మిగతా పని చేశాయి. మెత్తని భాగం అరిగిపోయింది, గట్టి స్ఫటికాలు బయటికి నిలబడ్డాయి. మన హైదరాబాదు చుట్టుపక్కల గుండ్లు ఇంతకంటే పాతవి, దాదాపు 250 కోట్ల ఏళ్ళవి. ఖాజాగూడలో అరచేయి ఆనించి చూసినవాళ్ళకు గ్రానైటు గరుకు ఎలా ఉంటుందో తెలుసు. నీడిల్స్‌లో ఆ గరుకు స్థానంలో బుడిపెలు ఉంటాయని ఊహించుకోవాలి. కొన్ని బలమైనవి, కొన్ని బరువు పడితే ఊడిపోయేవి. ఏది ఏదో కింద నుంచి చూసి చెప్పడం కష్టం.

ఈ సూదుల్లో జాతీయ వీరుల బొమ్మలు చెక్కించాలని 1923లో డోన్ రాబిన్సన్ అనే చరిత్రకారుడికి ఆలోచన వచ్చింది. శిల్పి గట్జన్ బోర్గ్లమ్ వచ్చి చూసి, రాయి మరీ సన్నగా ఉంది, మరీ అరిగిపోయింది, పనికిరాదన్నాడు. అక్కడికి దగ్గర్లోని రష్‌మోర్ కొండను ఎంచుకున్నాడు. నలుగురు అధ్యక్షుల ముఖాలు అక్కడ వెలిశాయి. ఉలికి లొంగదని ఆ శిల్పి వదిలేసిన అరుగుదల మీదే ఎక్కేవాళ్ళ వేళ్ళు నిలబడతాయి.

గిల్ 1953లో, హైస్కూలు రోజుల్లో రాళ్ళు ఎక్కడం మొదలుపెట్టాడు. తర్వాత జార్జియా టెక్‌లో చదువుతూ జిమ్నాస్టిక్స్ నేర్చుకున్నాడు. రింగుల మీద వేలాడాడు. 20 అడుగుల తాడును కాళ్ళు వాడకుండా చేతులతోనే ఎగబాకే పోటీ అప్పట్లో ఉండేది. అందులో రాటుదేలాడు. చెమటకు పట్టు జారకుండా జిమ్నాస్టులు అరచేతులకు మెగ్నీషియం కార్బొనేట్ పొడి రాసుకోవడం అక్కడే చూశాడు. దాన్ని తెచ్చి రాతి దగ్గర వాడాడు. ఇవాళ ఖాజాగూడలోనో హంపిలోనో నడుముకు కట్టుకున్న సంచిలో చెయ్యి ముంచి తెల్లటి చాక్ పొడి రాసుకునే ప్రతి కుర్రవాడి అలవాటుకూ మూలం 1950ల మధ్యలో గిల్ చేసిన ఆ పనే.

చాక్ కంటే లోతైన మార్పు ఇంకొకటి తెచ్చాడు. రెండు చేతులూ రెండు కాళ్ళూ, ఈ నాలుగింటిలో మూడు ఎప్పుడూ రాతిని వదలకూడదన్నది అప్పటి పర్వతారోహకుల పాఠం. రాతి మీద ఊపు, గెంతు తప్పులు. గిల్ జిమ్నాస్టు కాబట్టి అతని శరీరానికి ఆ నియమం తెలియదు. అందని పట్టు కోసం ఒళ్ళంతా ఊపి, ఎగిసిన క్షణంలో, బరువు తేలిపోయినట్టుండే ఆ రెప్పపాటులో చెయ్యి చాచి పట్టుకునేవాడు. మిగతావాళ్ళకు పొట్టి రాళ్ళు పెద్ద కొండలకు సాధన. అతనికి అవే అసలు పని. ఫ్రాన్సులో ఫాంటెన్‌బ్లో అడవి రాళ్ళ మీద ఇలాంటి సంప్రదాయం అప్పటికే ఉంది. అమెరికాలో దాన్ని జీవితపు పనిగా పెట్టుకున్నవాళ్ళు మాత్రం బహు కొద్దిమంది. సలహా అడగాలన్నా ఎవరిని అడగాలి? అతను చేస్తున్న పని చేస్తున్నవాళ్ళే అరుదు.

ఉద్యోగం మోంటానా రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకు దగ్గరగా ఉన్న గ్లాస్గో వైమానిక స్థావరంలో. గడ్డి మైదానాల నడుమ ఊరు. అక్కణ్ణుంచి నీడిల్స్ వందల మైళ్ళు. రోజూ వచ్చి చూసుకునే రాయి కాదిది. చూసినప్పుడు కళ్ళలో నింపుకోవాలి, వెనక్కి వెళ్ళి దాంతో బతకాలి.

స్థావరంలో వ్యాయామశాల ఉంది. దాని గోడల్లోంచి నట్లు, బోల్టులు బయటికి పొడుచుకుని ఉండేవి. కట్టినవాళ్ళకు అవి కట్టడంలో భాగం. గిల్‌కు అవి థింబుల్ మీది బుడిపెలు. వేళ్ళతో ఆ ఇనుప తలలను పట్టి నొక్కి, శరీరాన్ని నిలబెట్టే బలం తెచ్చుకున్నాడు. ఈ వివరం నాకు ఎంతో ఇష్టం. ఎందుకంటే అందులో మొత్తం పద్ధతి కనిపిస్తుంది. మనకు జవాబు తెలియనప్పుడు ప్రశ్నను ముక్కలు చేసి, ఇవాళ చేయగలిగిన ముక్క ఏదో చూసుకుంటాం. రాయి ఎలా ఎక్కాలో అతనికి తెలియదు. కానీ ఎలా ఎక్కినా వేలికొసల మధ్య చిన్న బుడిపెను గిల్లి పట్టుకోవాల్సి వస్తుందని తెలుసు. ఆ ఒక్క పని ఇంట్లోనే చేసి పెట్టుకోవచ్చు. ఇప్పుడు ప్రతి క్లైంబింగ్ జిమ్ములోనూ వేళ్ళ బలానికి ప్రత్యేకంగా చెక్కిన పలకలు అమర్చి ఉంటాయి. ఆనాడు ఆ నట్లూ బోల్టులే ఆ పని చేశాయి.

గిల్ గణితం చదివినవాడు. తర్వాత 1971లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో డాక్టరేటు తీసుకుని, ప్యూబ్లోలో ప్రొఫెసరుగా పనిచేశాడు. గణితం చదివినవాళ్ళకు పాఠ్యపుస్తకం చివరి అభ్యాసానికీ, ఇంకా ఎవరూ తేల్చని ప్రశ్నకూ తేడా బాగా తెలుస్తుంది. అభ్యాసంలో చిక్కుకుంటే, పుస్తకం రాసినవాడు అబద్ధమాడడు కదా అనుకుని ఇంకో గంట కూర్చుంటాం. తేల్చని ప్రశ్న దగ్గర ఆ ఊతం ఉండదు. నేను చేతకాక ఆగిపోయానా, లేక అసలు దారే లేక ఆగిపోయానా అన్న అనుమానం ప్రతి నిమిషం పక్కనే కూర్చుంటుంది. రాతి మీద ఆ అనుమానానికి వెల కూడా ఉంటుంది. థింబుల్ పైభాగంలో, 25 అడుగుల ఎత్తున వేళ్ళు జారితే నేల చేరడానికి ఒకటింపావు సెకను పడుతుంది. చేరేసరికి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటుతుంది. కింద పరిచే మందపాటి మెత్తలు అప్పటికి లేవు. బుడిపె మీద అతుక్కుని నిలిచే రబ్బరు అడుగుల బూట్లు 1980లలో గానీ రాలేదు. పడితే పడేది కంచె మీద.

పైనుంచి తాడు వేసుకుంటే ఈ భయం ఉండదు. చుట్టూ తిరిగి పైకి చేరే ఉపాయం చూసుకుని, తాడు దించి, ఒక్కో కదలికనూ పదేపదే పరీక్షించి, అంతా కంఠస్థం అయ్యాక తాడు తీసేసి ఎక్కొచ్చు. అది కూడా మర్యాదైన పద్ధతే, ఈనాటికీ చాలామంది ఎత్తైన బౌల్డర్ల మీద అలాగే చేస్తారు. గిల్ అది చేయలేదు. నేల నుంచి మొదలుపెట్టి, నేల నుంచే తెలుసుకోవాలనుకున్నాడు.

ఇక్కడే అసలు ముడి ఉంది. ముఖం కింది సగం మీద ఎక్కొచ్చు, దిగొచ్చు. అక్కడ తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. పై సగం అలా కాదు. ఎక్కేటప్పుడు కన్ను ముందు చూస్తుంది, చెయ్యి వెనక వెళ్తుంది. దిగేటప్పుడు కాలు ముందు వెళ్ళాలి, అది పెట్టాల్సిన బుడిపె కళ్ళకు కనబడదు. వాలుగా ఉన్న ముఖం మీద అలా తడుముకునే తీరిక వేళ్ళకు ఉండదు. ఒక హద్దు దాటాక పైకే గానీ కిందికి దారి లేదు. కాబట్టి సాధన చేయగలిగేది సగం లెక్కే. మిగతా సగాన్ని ఒక్కసారే, మొదటిసారే, తప్పు లేకుండా చేయాలి. దానికి సిద్ధం కావడం ఎలా?

గిల్ కనుక్కున్న మార్గం తర్వాతి రోజుల్లో అతను చెప్పిన మాటల్లో ఉంది. పాట్ అమెంట్ 1977లో తెచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రాక్’ పుస్తకం ఈ ఆరోహణ కథను ఎక్కేవాళ్ళందరికీ చేర్చింది. కింది సగం ఎక్కేవాడు, దిగేవాడు. మళ్ళీ ఎక్కేవాడు, మళ్ళీ దిగేవాడు. చూసేవాళ్ళకు అది ధైర్యం చాలక తిరిగి రావడంలా కనబడుతుంది. నిజానికి ప్రతి రాకపోకతోనూ అతనికి ఏదో ఒకటి తెలుస్తోంది. కింది కదలికలు అలవాటైనకొద్దీ వాటికి ఖర్చయ్యే బలం తగ్గుతుంది, ఆ మిగులు పై సగానికి పనికొస్తుంది. అందినంత ఎత్తుకు వెళ్ళి ఒక్క క్షణం ఆగితే, కింద నుంచి చుక్కలా కనిపించిన బుడిపె ఇప్పుడు ముఖానికి దగ్గరగా కనిపిస్తుంది. దాని వాలు ఎటో, బొటనవేలు ఏ పక్క ఆనించాలో తెలుస్తుంది. ఆ ఎరుక మోసుకుని దిగుతాడు. నేల మీద నిలబడి, కళ్ళతో కాకుండా చేతులతో ఊహించుకుంటాడు.

ఆఖరి రోజును ఊహలో ఇలా కట్టుకోవచ్చు. నేల మీద ఒక యువకుడు. అరచేతుల నిండా చాక్. మొదటి బుడిపె కుడిదో ఎడమదో ఇప్పుడు ఆలోచించక్కర్లేదు, చెయ్యే వెళ్తుంది. కాలి కొస స్ఫటికం మీద నిలుస్తుంది. మెల్లగా, తొందర లేకుండా, తెలిసిన మెట్టు దాకా వస్తాడు. ఇంతవరకూ తెలిసిన ఊరు. ఇక్కణ్ణుంచి దిగిపోవడం అలవాటు. కాళ్ళు కూడా దిగడానికే చూస్తుంటాయి. అదే రాకపోక ఎన్నోసార్లు చేశాక, తనను ఏదో కమ్మేసినట్టయిందని, మనసు ఖాళీ అయిపోయి, నేర్చుకున్న శరీరమే ఎక్కుతూ పోయిందని గిల్ తర్వాత చెప్పుకున్నాడు. భయాన్ని గెలిచానని అతను అనలేదు. ఆలోచన పక్కకు తప్పుకుందన్నాడు. నేను ఇది చదివినప్పుడు గిల్ మీద గౌరవం రెట్టింపైంది. దూకుడుగా ‘చూద్దాం ఏమవుతుందో’ అని పైకి దూసుకుపోయిన సాహసం కాదిది. ఒళ్ళు ఒప్పుకునేదాకా ఓపిగ్గా ఆగి, అది ఒప్పుకున్న క్షణాన్ని గుర్తుపట్టి, ఆ క్షణంలో దానికి అడ్డు రాకపోవడం.

హద్దు దాటింది. ఎడమచేతి వేళ్ళు ఒక బుడిపెను గిల్లి పట్టుకున్నాయి. నడుము రాతికి దగ్గరగా లాక్కోవాలి, లేకపోతే బరువంతా వేలికొసల మీద పడుతుంది. కాలు పైకి. మోంటానాలో ఇనుప తలల మీద నేర్చుకున్న నొక్కుడే ఇక్కడ రాతి మీద. తేడా ఒక్కటే. బోల్టు ఊడదని అక్కడ తెలుసు. ఇక్కడ ప్రతి స్ఫటికాన్నీ మొదటిసారి తాకుతున్నాడు, తాకిన వెంటనే నమ్మాలి. ఇంకో పట్టు. ఇంకో కాలు. ముఖం వాలు తగ్గింది. చెయ్యి రాతి శిఖరం మీదికి వెళ్ళింది.

పైకి చేరాక ఎంతో ఉద్వేగపడ్డానని మాత్రం గిల్ చెప్పాడు.

దారి ఎంత కష్టమో చెప్పడానికి ఆ రోజుల్లో అమెరికాలో వాడే యోసెమిటీ కొలమానంలో 5.9 అన్నది ఆఖరి మెట్టుగా ఉండేది. అప్పుడప్పుడే 5.10 చేరుతోంది. గిల్ ఎక్కిన దారిని తర్వాతి తరాలు 5.12 అన్నాయి. అది కూడా తాడుతో ఎక్కేవాళ్ళ లెక్క. తాడు లేకుండా, మెత్త లేకుండా, మునుపటి ఆరోహణ లేకుండా అన్న మాటలకు కొలమానంలో చోటు లేదు. ఇవాళ్టి బౌల్డరింగ్ అంకెల్లో చూస్తే దాని కదలికలు మధ్యస్థం. జిమ్ముల్లో రెండు మూడేళ్ళు కష్టపడ్డ కుర్రాళ్ళు అంత కష్టమైన కదలికలు చేస్తారు. అందువల్ల థింబుల్ చిన్నదైపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కదలిక ఎంత కష్టమో అంకె చెబుతుంది. ఆ కదలిక ఉందో లేదో తెలియకుండా దాని మీద ప్రాణం పెట్టడం ఎంత కష్టమో చెప్పే అంకెను ఎవరూ కనిపెట్టలేదు.

గిల్ మాత్రం దానికి దగ్గరగా వచ్చాడు. 1969లో ‘అమెరికన్ ఆల్పైన్ జర్నల్’లో బౌల్డరింగ్ ఒక కళ అంటూ వ్యాసం రాశాడు. అతను తయారుచేసుకున్న కొలమానంలో మూడే మెట్లు. బి1 అంటే తాడుతో ఎక్కేవాళ్ళు అప్పటికి చేస్తున్న అత్యంత కష్టమైన స్థాయి. బి2 దానికి మించింది. బి3 అంటే ఇతరులు ప్రయత్నించినా ఒక్కరే, ఒక్కసారే ఎక్కగలిగింది. రెండోవాడు ఎక్కిన రోజున అది బి3 కాకుండా పోతుంది, కింది మెట్టుకు దిగుతుంది. రాయి మారలేదు, బుడిపెలు మారలేదు. మరొకరు కూడా ఎక్కారన్న కబురు ఒక్కటే కొత్తగా చేరింది. ఆ కబురు విలువ ఎంతో తెలిసినవాడే ఇలాంటి కొలమానం రాయగలడు.

1960ల చివర్లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ దగ్గర, హార్స్‌టూత్ జలాశయం పక్కనున్న ఇసుకరాతి గుండ్ల మీద అతను చాలా ప్రాబ్లెమ్స్ కనుక్కున్నాడు. కొన్నిటి మొదట్లో చిన్న తెల్ల బాణం గుర్తు రంగుతో వేసేవాడు. ఇక్కడ ఒకటి ఉంది, ఇక్కణ్ణుంచి మొదలవుతుంది అన్నంత వరకే ఆ బాణం చెప్పేది. చేతులెక్కడ, కాళ్ళెక్కడ అన్నది వచ్చినవాళ్ళు వెతుక్కోవాల్సిందే. తర్వాతివాళ్ళకు తనకు దొరకని భరోసా ఇచ్చి, వెతుకులాటను మాత్రం వాళ్ళ చేతుల్లోంచి లాక్కోలేదు.

థింబుల్ దగ్గరికి వచ్చినవాళ్ళకు బాణం అక్కర్లేదు. గిల్ ఎక్కాడని అందరూ విన్నారు. జవాబు ఉందని తెలిసే వచ్చారు, ముఖాన్నీ కంచెనూ చూశారు. తెలిసి కూడా దాదాపు 20 ఏళ్ళు తాడు లేకుండా ఎవరూ గిల్ దారిని మళ్ళీ ఎక్కలేదు. 1980ల మొదట్లో గానీ అది జరగలేదు.